ఆకు బొమ్మ సంచి

మార్చి 4

చిరంజీవి బుజ్జికి,

వదిన ఆశీస్సులు. ఇక్కడ మేము క్షేమం. మీ అన్నయ్య కుర్చీలోంచి లేవకుండా క్షేమం. ఫోన్లో మనిద్దరం మాట్లాడుకుంటే ఎవరో ఒకరం మధ్యలో పెట్టేస్తున్నాం కాబట్టి ఇకమీదట ఏదైనా ఉంటే ఉత్తరాలు రాసుకోమని ఆయన తీర్పు చెప్పారు. కాగితం మీదైతే ఎదుటి మనిషి చెప్పేది పూర్తయ్యేదాకా ఆగక తప్పదట. పెళ్ళయ్యాక ఆయన నోట విన్న మొదటి తెలివైన మాట ఇదే అనిపించి ఒప్పుకున్నాను.

విషయం ఏమిటంటే, మా అపార్టుమెంటు సంఘానికి నన్ను అధ్యక్షురాలిని చేశారు. పోటీ లేదు. పోటీ లేకపోవటానికి కారణం చెత్త. జూలై నుంచి తడిచెత్త, పొడిచెత్త వేరుచేసి ఇవ్వకపోతే బండి మా గేటు ముందు ఆగదని మున్సిపాలిటీ వాళ్ళు నోటీసు అంటించి వెళ్ళారు. తడిచెత్తను మామూలు ప్లాస్టిక్ సంచిలో కట్టకూడదట. మట్టిలో కలిసిపోయే సంచిలోనే ఇవ్వాలట. ఆ నోటీసు చదవగానే పాత అధ్యక్షుడికి నడుంనొప్పి మొదలైంది. ఆయన మూడో అంతస్తు పళ్ళ డాక్టరు. నొప్పి ఎప్పుడు రావాలో ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఇప్పుడు నాలుగు బ్లాకుల వాళ్ళకూ ఒకే రకం సంచి నేను ఎంపిక చెయ్యాలి. బజారులో దొరికినదొకటి తెచ్చి మా వంటింటి బుట్టలో వేశాను. మర్నాడు పైకెత్తితే సంచి నా చేతిలోకి వచ్చింది, చెత్త బుట్టలోనే ఉండిపోయింది. టీ పిప్పి, అరటితొక్కలు, గుడ్డు పెంకులు చేత్తో తోడుకున్నాను. మీ అన్నయ్య పేపరు కొంచెం పక్కకు జరిపి, "మట్టిలో కలవాల్సింది గదా, పాపం తొందరపడింది" అన్నారు.

నువ్వు పనిచేసేది మా తమ్ముడి సంచుల కంపెనీలోనే కదా. వాడు ఉద్యోగం ఇచ్చిన దగ్గర్నుంచీ అక్కడ నువ్వేం చేస్తున్నావో మాకెవరికీ అంతుపట్టలేదు. కొన్నవాళ్ళు రాసే ఉత్తరాలకు జవాబులు రాస్తానంటావు. మాకే రాయని దానివి వాళ్ళకేం రాస్తావో మరి. ఏదైతేనేం, నీ చదువు మన ఇంటికి పనికొచ్చే రోజు వచ్చింది. మీ దగ్గరున్న రకాలు పంపు. ఏది మంచిదో రాయి. నిజంగా మట్టిలో కలుస్తుందో లేదో నువ్వే పాతిపెట్టి చూసి చెప్పు. కంపెనీ వాళ్ళ మాట నేను నమ్మను, అది మా తమ్ముడి కంపెనీ అయినా సరే.

ఆశీస్సులతో,
మీ వదిన
(అధ్యక్షురాలు)


మార్చి 12

వదినకు నమస్కారాలు.

పదవి వచ్చినందుకు సంతోషం. ఇన్నాళ్ళూ పదవి లేకుండానే అందరినీ నడిపించారు, ఇప్పుడు దానికో పేరు కూడా పెట్టారు. అంతే తేడా.

రెండు రకాలు పంపుతున్నాను. ఒకటి మసక రంగులో, పల్చగా ఉంటుంది. ముట్టుకుంటే కొంచెం జిగటగా, వాసన చూస్తే మొక్కజొన్న పిండిలా అనిపిస్తుంది. మేము దాన్ని పిండి సంచి అంటాం. అంచున చిన్న అక్షరాల్లో పరీక్ష చేసినవాళ్ళ ముద్ర, నంబరు ఉంటాయి. రెండోది నిగనిగలాడే ఆకుపచ్చది, మీద అరచేయంత ఆకు బొమ్మ. మా కంపెనీలో ఎక్కువగా అమ్ముడయ్యేది అదే. నేను మాత్రం పిండి సంచే తీసుకోమంటాను. మా ఇంట్లో వాడుతున్నది అదే.

అయితే దానికి కొన్ని మర్యాదలు జరగాలి. బుట్ట కొలతకు సరిపోయే సంచి వెయ్యాలి. అడుగున పాత పేపరు మడతపెట్టి పరిస్తే తడి పీల్చుకుంటుంది. పొగలు కక్కుతున్నదేదీ అందులో పడేయకూడదు. రెండు రోజులకోసారి మార్చెయ్యాలి. సంచుల కట్టను ఎండలోనూ పెట్టకూడదు, సింకు కింద తడిలోనూ పెట్టకూడదు. మీరు బజారులో తెచ్చినదాని తప్పేమీ ఉండదు వదినా. నోరెత్తనివ్వకుండా కుక్కి కుక్కి నింపి ఉంటారు. అందరూ అన్నయ్యలా ఓర్చుకోలేరు.

పాతిపెట్టమన్నారు కాబట్టి బాల్కనీలో రెండు కుండీలు సర్దాను. ఒక్కోదాంట్లో ఒక్కో సంచి, పైన వంటింటి తొక్కలు, ఆ పైన మట్టి. పక్కింటావిడ గోడ మీంచి చూసి "ఏం విత్తనాలమ్మా" అంది. "మా వదిన అనుమానం" అన్నాను. "అయితే నీళ్ళు పొయ్యక్కర్లేదు, దానంతటదే పెరుగుతుంది" అంది. ఆవిడకూ వదిన ఉన్నట్టుంది.

మీ తమ్ముడు బాగానే ఉన్నారు. ఆయన్ని ఏమని పిలవాలో నాకింకా తేలలేదు. వరసకు బావగారు, ఆఫీసులో సారు. ఎదురుపడినప్పుడు రెండూ అనలేక దగ్గుతున్నాను. ఆరోగ్యం చూసుకోమని రెండుసార్లు సెలవిచ్చారు కూడా.

అన్నయ్యను అడిగానని చెప్పండి.

మీ బుజ్జి


ఏప్రిల్ 20

చిరంజీవి బుజ్జికి,

నువ్వు పంపిన సంచులు అందాయి. నా పరువు ఎక్కడిదాకా వెళ్ళిందో చెబుతాను, కూర్చుని చదువు.

పిండి సంచిని నీ మాట మీద గౌరవంతో మొదట పళ్ళ డాక్టరుగారికే ఇచ్చాను. నీ మర్యాదలన్నీ ఒక కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి సంచి అడుగున వేశాడు. పుచ్చకాయ గుజ్జంతా అందులో పోసి, వారం ఉంచి, లిఫ్టులో కిందికి తీసుకొచ్చాడు. లిఫ్టు కింది అంతస్తుకు వచ్చింది గానీ సంచి రాలేదు. గింజలు అద్దం మీద, గుజ్జు ఆయన తెల్ల బూట్ల మీద. నడుంనొప్పి ఉన్న మనిషి అంత ఎత్తు ఎగరగలడని సంఘం మొత్తానికి అప్పుడే తెలిసింది. ఇన్ని రోజులైనా ఆ లిఫ్టెక్కితే జ్యూసు కొట్టులోకి వెళ్ళినట్టే ఉంటోంది.

ఆకు బొమ్మ సంచి సంగతి వేరు. మా కోశాధికారి కుర్రవాడు, అదే, బ్యాంకులో పనిచేస్తూ పొద్దున్నే బరువులెత్తేవాడు, అందులో రెండు ఇటుకలు వేసి కార్ల షెడ్డులో అందరి ముందూ గిరగిరా తిప్పాడు. చిరగలేదు. చప్పట్లు కొట్టారు. చెత్తలో ఇటుకలెందుకు ఉంటాయని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఆ చప్పట్లలో కొన్ని నావి కూడా కాబట్టి.

ఇంత మంచిది పక్కన పెట్టుకుని ఆ నీరుకారే పిండి సంచిని నాకు అంటగట్టడంలో నీ ఉద్దేశం ఏమిటో నాకు తెలియదు. తెలిసినా రాయను, కాగితం మీద పడితే చెరగదు. ఏమైనా ఆకు బొమ్మదే ఖాయం చేశాం. ఇది మట్టిలో కలిసిపోతుంది అని మీ కంపెనీ కాగితం మీద ఒక ముక్క రాసి, సంతకం చేసి పంపు. ఆ జవాబులు రాసేది నువ్వే కదా, ఒకళ్ళని అడగాల్సిన పని లేదు.

మీ అన్నయ్య నిన్ను తలుచుకుంటున్నారు. పుచ్చకాయ తిన్నప్పుడల్లా.

మీ వదిన


జూన్ 6

వదినకు నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది. కుండీలు తవ్వేదాకా ఆగుదామనుకున్నాను. నిన్న తవ్వాను. ఆ సంగతి వివరంగా తర్వాత రాస్తాను. దానికి ముందు ఒకరిని ఎదురుగా నిలబడి ఒక మాట అడగాలి. అడగకుండా రాస్తే అది నింద అవుతుంది. ఆ మనిషి మీకు కావలసినవారు.

అంతవరకూ ఒక్కటే చెబుతాను. ఆకు బొమ్మ సంచి తీసుకోకండి. అది మీలాంటి వాళ్ళు తీసుకోవాల్సిన సంచి కాదు. మీరడిగిన కాగితం మీద నేను సంతకం పెట్టలేను. దయచేసి కారణం అడక్కండి, కొన్నాళ్ళు ఓపిక పట్టండి.

ఓపిక అనే మాట మీకు రాస్తున్నందుకు నాకే నవ్వొస్తోంది. అయినా రాస్తున్నాను.

మీ బుజ్జి


జూన్ 14

బుజ్జికి,

మీలాంటి వాళ్ళు అంటే ఎలాంటి వాళ్ళు? కొంచెం విడమరిచి రాస్తే నేర్చుకుంటాను. చుట్టాలమని ధర తగ్గించమంటామని భయమా? మేము తగ్గించమని అడగలేదు. లేకపోతే నిగనిగలాడే సంచి మాలాంటి చెత్తకు ఎక్కువైపోతుందా? పిండి సంచి పగిలి నేను నలుగురిలో తలదించుకుంటే నీకు హాయిగా ఉన్నట్టుంది, గట్టి సంచి దొరికేసరికి కడుపులో నొప్పి మొదలైంది.

నువ్వు సంతకం పెట్టకపోతే ఆగిపోతుందనుకున్నావేమో. మా తమ్ముడికే రాశాను. మీ ఆఫీసులో అమ్మే వస్తువును కొనవద్దని కొనేవాళ్ళకు ఉత్తరాలు రాసే మనుషులున్నారు, ఒక కన్నేసి ఉంచమని కూడా రాశాను. పేరు రాయలేదు. నా సంస్కారం నాకుంది.

జూలై ఒకటిన ప్రారంభం. వార్డు సభ్యుడు వస్తున్నాడు. నాలుగు బ్లాకుల వాళ్ళకూ ఆయన చేతుల మీదుగా సంచుల కట్టలు ఇప్పిస్తున్నాం. నువ్వు రానక్కర్లేదు, నీ స్థాయికి తగదు.

వదిన


జూన్ 25

వదినకు,

మీరు పేరు రాయకపోయినా మా ఆఫీసులో కొన్నవాళ్ళకు జవాబులు రాసేదాన్ని నేనొక్కదాన్నే. కాబట్టి మీ సంస్కారం నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చింది. ఇక నేనూ దాచను.

కుండీలు తవ్వితే పిండి సంచి దొరకలేదు. గోటి మీద పట్టేంత పొరలు రెండో మూడో, అవీ చేతిలో నలిగిపోయాయి. రెండో కుండీలో ఆకు సంచి పెట్టినది పెట్టినట్టే ఉంది. కడిగి ఆరేస్తే మళ్ళీ వాడుకోవచ్చు. పైనున్న తొక్కలు మట్టిలో కలిశాయి, అది మాత్రం వాటిని సాగనంపి వెనక్కి వచ్చినదానిలా నిగనిగలాడుతోంది.

ఆ సంచినే పట్టుకుని మీ తమ్ముడి గదిలోకి వెళ్దామనుకుంటూ ఉండగానే ఆయనే పిలిచారు. బల్ల మీద మీ ఉత్తరం ఉంది.

"మా అక్క ఏం రాసిందో చూశావా?" అన్నారు.

"సార్, ఆకు సంచి మట్టిలో కలవటం లేదు" అన్నాను.

"కలుస్తుందని మనం ఎక్కడ రాశాం?" అన్నారు. సంచి తిప్పి చూపించారు. నిజమే, ఎక్కడా లేదు. 'ప్రకృతికి ప్రియనేస్తం' అని ఉంది. "నేస్తం అన్నాం. నేస్తమన్న పాపానికి వెళ్ళి మట్టిలో కలవాలా ఏమిటి?" అని నవ్వారు.

అందులో ఏముందని అడిగాను. మామూలు ప్లాస్టిక్కేనట. కొంచెం సుద్దపొడి, కొంచెం పచ్చరంగు. ఎండలో వదిలేస్తే పెళుసెక్కి ముక్కలవుతుందట. ముక్కలు కంటికి కనపడకపోతే ఇక లేనట్టే గదా అన్నారు. నిశ్చింతగా వాడండి అని ఊరూరా నా చేత రాయించింది దీని గురించే.

తర్వాత మీరడిగిన కాగితం టైపు చేయించి నా ముందు పెట్టారు. "మన ఇంటి మనిషికే కదా, సంతకం పెట్టడానికి ఏమిటి?" అన్నారు.

"మన ఇంటి మనిషి కాబట్టే పెట్టను" అన్నాను.

"అయితే నీకు దగ్గు ఎక్కువైనట్టుంది, రేపట్నుంచి ఇంట్లోనే ఉండి చూసుకో" అన్నారు. నా ఎదురుగానే ఆయనే సంతకం పెట్టి కవరు అంటించారు. ఈపాటికి మీకు అంది ఉంటుంది. ఉద్యోగంతో పాటు ఆయన్ని ఏమని పిలవాలన్న బాధ కూడా తీరిపోయింది.

ఆ కాగితాన్ని నమ్మకండి. సంచులు ఇంకా పంచలేదు కదా, ఆపెయ్యండి. మీరు ఎవరి మాటైనా పూర్తయ్యేదాకా వింటారని అన్నయ్య అనుకుంటున్నారు. ఈ ఒక్కసారికి ఆయన మాట నిలబెట్టండి.

బుజ్జి


జూలై 9

బుజ్జికి,

నీ ఉత్తరం ప్రారంభం ముందురోజు వచ్చింది. చదివాను. చివరిదాకానే చదివాను.

కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగింది. వార్డు సభ్యుడు ఆకు బొమ్మ సంచిని రెండు చేతులతో పైకెత్తి, భూమికి మనం ఇచ్చే బహుమతి ఇది అన్నాడు. ఫోటో పేపర్లో వచ్చింది. నా ముఖం సగమే పడింది, సంచి మాత్రం పూర్తిగా పడింది. అందరూ సంతోషంగా ఉన్నారు. ఒకరు స్కూటరు సీటుకు తొడిగారు, ఒకరు పిల్లల పుస్తకాలకు అట్టలు వేశారు. పళ్ళ డాక్టరుగారు బూట్లకు తొడుక్కుని వానలో తిరుగుతున్నాడు. తడిచెత్తకు కూడా కొందరు వాడుతున్నారు.

మా తమ్ముడు సంతకం చేసిన కాగితం నా దగ్గరుంది. వాడు నా చేతుల్లో పెరిగాడు. వాడు చిన్నప్పుడు అబద్ధం చెబితే చెవులు ఎర్రబడేవి. నువ్వు వాడి దగ్గర జీతం తీసుకుంటూ, వాడి సంచిని కుండీలో పాతి వాడి మీదే తీర్పు చెబుతావా? ఉద్యోగం పోయిన కోపం మనిషి చేత ఏమైనా రాయిస్తుంది. అది వాడు పీకేశాడో, నువ్వు మానేశావో, దానికి నా మీద పడటమెందుకో నాకు తెలియదు. మీ అన్నయ్య నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం తినలేదు. అది కూడా నీ ఖాతాలోనే.

నీ నోరు మూయించడానికి నేనూ ఒక ఆకు సంచిని మా మేడ మీద కుండీలో పాతాను. అది కలిసిపోయిన రోజున నేనే రాస్తాను. అందాకా నువ్వు రాయకు.

వదిన


జూలై 21

వదినకు,

రాయవద్దన్నారు. ఇది ఆఖరుది, చిన్నదే.

మీకు ముందే తెలుసని నేను అనుకోలేదు, ఇప్పుడు అనుకుంటున్నాను. అక్కకు తెలియకుండా తమ్ముడు ఇంత కంపెనీ నడుపుతాడా? నాతో పాతించింది కూడా తెలియనట్టు ఉండటానికేనేమో. అయితే చాలా బాగా కుదిరింది.

కళ్ళజోళ్ళ కొట్టులో చేరాను. వచ్చినవాళ్ళంతా అద్దంలో తాము ఎలా కనపడుతున్నామో చూసుకుంటారు, ఎదుటిది కనపడుతోందో లేదో ఎవరూ చూసుకోరు. పని అలవాటైనదే.

అన్నయ్యను వేళకు తినమనండి.

బుజ్జి


అక్టోబరు 3

చిరంజీవి బుజ్జికి,

వదిన ఆశీస్సులు. రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను.

పోయిన నెల మొదట్లో మున్సిపాలిటీ చెత్త లారీ మా గేటు ముందు ఆగింది. తీసుకెళ్ళటానికి కాదు, ఇచ్చి వెళ్ళటానికి. ఎరువు చేసే చోట మిషను బ్లేడ్లకు మన ఆకు సంచులు చుట్టుకుని మిషను ఆగిపోయిందట. నాలుగు బ్లాకుల చెత్తా మా గేటు ముందు గుమ్మరించి, "మీ బహుమతి మీరే ఉంచుకోండి" అని వెళ్ళిపోయారు. ఆ కుప్పలో ఏ సంచీ కలవలేదు, కుళ్ళలేదు. వందల ఆకులు నా వంక చూస్తున్నట్టుంది.

మేడెక్కి కుండీ తవ్వాను. కొత్త పెళ్ళికూతురిలా వచ్చింది బయటికి. కడిగి తీగ మీద ఆరేశాను. మీ అన్నయ్య వచ్చి చూసి, "ఈ ఇంట్లో వయసు మీద పడనిది ఇదొక్కటే" అన్నారు. నేనేమీ అనకపోయేసరికి ఆయనకు భయం వేసి కిందికి వెళ్ళి టీ పెట్టారు.

సంఘాన్ని పిలిచి జరిగింది చెప్పాను. కోశాధికారి కుర్రవాడు, "సంచి గట్టిది మేడమ్, మట్టి సంగతి మట్టి చూసుకుంటుంది" అన్నాడు. పళ్ళ డాక్టరుగారు, "మున్సిపాలిటీ బండి ఎందుకండీ, ప్రైవేటు లారీ మాట్లాడుకుందాం, వాళ్ళు ఎక్కడ పోస్తారో మనం అడగం, సంచిలో ఏముందో వాళ్ళు అడగరు" అన్నాడు. చేతులెత్తారు. నా వైపు ఎత్తింది నేనొక్కదాన్నే. వెంటనే నా సేవలకు ధన్యవాదాలు చెబుతూ తీర్మానం చేశారు. ఉన్న మనిషికి ధన్యవాదాలు చెప్పారంటే వెళ్ళమని అర్థం. డాక్టరుగారి నడుంనొప్పి ఆ సాయంత్రమే తగ్గిపోయి మళ్ళీ అధ్యక్షుడయ్యాడు.

అప్పటికీ మా తమ్ముడిదే తప్పని నా మనసు ఒప్పుకోలేదు. ఫోన్ చేస్తే కారేసుకుని వచ్చాడు. కొత్త కట్ట ఒకటి నా ఒళ్ళో పెట్టాడు. "అక్కా, నీ కోసం ముద్ర కూడా వేయించాను, ఇంక నిన్నెవడూ ఏమీ అనడు" అన్నాడు. అదే ఆకు సంచి. అంచున చిన్న అక్షరాల్లో ముద్ర, నంబరు.

"ఈ నంబరు ఎక్కడిదిరా?" అన్నాను.

"పిండి సంచిది. నంబరు అరిగిపోతుందా, రెండు సంచుల మీద ఉంటే ఏం?" అన్నాడు.

నేను వాడి చెవుల వంక చూశాను. ఎర్రబడలేదు. అది చూశాక ఇంక అడగటానికి నాకేమీ మిగల్లేదు. టీ తాగి వెళ్ళమన్నాను. తాగి వెళ్ళాడు.

మర్నాడు కాలుష్యం సంగతి చూసే ఆఫీసుకు వెళ్ళి వాడి మీద ఫిర్యాదు ఇచ్చాను. కుండీలోంచి తీసినదీ, ముద్ర వేసినదీ రెండు సంచులూ ఇచ్చాను, నీ ఉత్తరం కూడా చూపించాను. అక్కడి అధికారి కంపెనీ యజమాని పేరు చూసి, "మీకేమవుతారు?" అన్నాడు. "తమ్ముడు" అన్నాను. మళ్ళీ అడిగాడు, వినపడలేదనుకుని గట్టిగా చెప్పాను. గదిలో అందరూ తలెత్తారు. అప్పట్నుంచి మా పుట్టింటి వాళ్ళెవరూ నా ఫోన్ ఎత్తటం లేదు.

వచ్చే నెల విచారణ. కంపెనీ లోపల పనిచేసిన మనిషి సాక్ష్యం కావాలట. రమ్మని నేను అడగటం లేదు, ఆఫీసు వాళ్ళు అడుగుతున్నారు. నువ్వు రాకపోతే నేను ఏమీ అనుకోను. ఏం అనుకోవటానికైనా నాకు ముఖం లేదు.

నాకు ముందే తెలుసని రాశావు. తెలియదు. ఇంతకంటే రాయటం నాకు చేతకాదు. నేను జూలైలో రాసిన ఉత్తరం నీ దగ్గరుంటే చింపెయ్యి. పొడిచెత్తలో వెయ్యి.

మీ వదిన


అక్టోబరు 10

వదినకు నమస్కారాలు.

వస్తాను. కొట్టులో సెలవు అడిగాను, ఇచ్చారు.

ఒక్క షరతు. అక్కడ అడిగింది నన్ను కాబట్టి నేను మాట్లాడతాను. మీరు మధ్యలో లేవకూడదు. మీరు లేస్తే మనం నెగ్గే కేసు కూడా ఓడిపోతాం. అన్నయ్యను మీ పక్కనే కూర్చోబెట్టి, మీ చీర కొంగు పట్టుకోమనండి.

జూలై ఉత్తరం చింపలేదు. నాకూ ఏదైనా కావాలి గదా, కోపం వచ్చినప్పుడు చదువుకోవడానికి.

మీ బుజ్జి


నవంబరు 22

వదినకు నమస్కారాలు.

నిన్న రాత్రి క్షేమంగా చేరాను. మీరు రైల్లో తినమని కట్టిచ్చినదంతా ఎదురుగా కూర్చున్న కుటుంబం మొత్తానికి సరిపోయింది.

విచారణలో మీరు లేవకూడదని రాశాను. మీరు లేచారు. అన్నయ్య కొంగు పట్టుకున్నారు, అయినా లేచారు, ఆయన కూడా సగం లేవాల్సి వచ్చింది. నిజం చెప్పాలంటే మీరు లేవటమే మంచిదైంది. మీ తమ్ముడి తరఫు వకీలు, "ఈవిడ ఉద్యోగం పోయిన కోపంతో చెబుతోంది" అనగానే నాకు దగ్గు అడ్డుపడింది. ఎదురుగా మీ తమ్ముడు కూర్చుని ఉంటే ఇంకా నాకు దగ్గే వస్తోంది. మీరు లేచి, "అదే మాట నేనూ రాశాను వకీలుగారూ, నా చేత్తోనే. అప్పుడు నా ఎదురుగా కూడా ఇలాగే సంతకం చేసిన కాగితం ఒకటి ఉంది. దాని కథ ఆ అమ్మాయిని చెప్పనివ్వండి" అన్నారు. ఆ తర్వాత నేను చెప్పగలిగాను. వేసిన జరిమానా చిన్నదే, అన్నయ్య అన్నట్టు మీ తమ్ముడి కారు అద్దాలకు కూడా చాలదు. కానీ దొంగ నంబరు వేసిన సరుకంతా గోదాములోనే సీలు వేశారు. ఆ సంచి ఇంక ఎక్కడా అమ్మకూడదన్నారు.

ఇవాళ ఉదయం పాత ఆఫీసులో నాతో పనిచేసినావిడ ఫోన్ చేసింది. ఆకు బొమ్మ తీసేశారట. ఇకమీదట అదే సంచి మీద జింక బొమ్మట, కింద రాత ఏమీ ఉండదట. జింక ఏమీ మాట ఇవ్వదు కదా. మళ్ళీ ఎవరో ఒకరు కుండీ తవ్వాలి. తవ్వుతారు.

మనిద్దరం మాట్లాడుకోని సంగతి ఒకటి రాయాలి. అయిపోయి అందరూ బయటికి వచ్చాక, వరండాలో మీ తమ్ముడు మిమ్మల్ని ఆపారు. నేను మంచినీళ్ళ కుళాయి దగ్గర సీసా నింపుకుంటున్నాను. స్తంభం అడ్డుగా ఉండటం వల్ల మీరు నన్ను చూడలేదు.

"ఆ మనిషి నీకేమవుతుందని నన్ను ఇక్కడికి ఈడ్చావక్కా?" అన్నారు ఆయన.

"అది మా ఇంటి పిల్ల" అన్నారు మీరు.

"మరి నేను?"

మీరు భుజం మీది సంచీ పట్టీ జారిపోతే సర్దుకున్నారు, అది జారకపోయినా మళ్ళీ సర్దుకున్నారు. ఆ తర్వాత, "నిన్ను ఎత్తుకుని పెంచానురా. అందుకే వచ్చాను" అన్నారు. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు. కారు తలుపు వేసుకున్న చప్పుడు వినపడేదాకా మీరు అటే చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు మీ దగ్గరికి రావాలనిపించింది. కుళాయి దగ్గరే ఉండిపోయాను. సీసా నిండి, నీళ్ళు నా చేతి మీంచి, చెప్పుల మీంచి పోతున్నాయి. మీరే ఆ చప్పుడు విని స్తంభం ఇవతలికి వచ్చారు. నన్ను చూశారు. నేను విన్నానని మీకు అర్థమైందనే అనుకుంటున్నాను.

"కుళాయి కట్టు" అన్నారు. "ఎవరబ్బ సొమ్మని?"

కట్టేశాను.

మీ బుజ్జి